పాత బేస్‌బాల్ ఫొటోలు, నెగటివ్‌లు కొన్నారా? ముందు వెనక్కి తిప్పి చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఒకరు పోయాక ఇంటి సామాను అమ్మేచోట, పాత బేస్‌బాల్ ఫొటోల పెట్టె కొన్నారు. అందులో నలభై దాకా ప్రింట్లు, కాగితం కవర్లలో కొన్ని ఫిల్ము నెగటివ్‌లు, ఒక గాజు నెగటివ్ ఉన్నాయి. ఒక ప్రింటులో ఉన్నది న్యూయార్క్ యాంకీస్ జట్టు మహా బ్యాటర్ బేబ్ రూత్ అని మీ ఆఫీసులో ఒకాయన చెప్పాడు. అవి అసలువా కాదా, ఎంత చేస్తాయి, ఎలా దాచుకోవాలి, ఇంకా సేకరించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న. పెట్టె ప్రస్తుతం గరాజ్‌లో ఉందని కూడా రాశారు. నేను న్యూజెర్సీలో ఉంటాను, చాలా ఏళ్ళుగా ఇవే సేకరిస్తున్నాను, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

ధర సంగతి తర్వాత. ముందు ఆ ఫిల్ము నెగటివ్‌లను ఇవాళే గరాజ్‌లోంచి తీయండి. 1950ల మొదటి వరకూ వాడిన ఫిల్ములో చాలా భాగం సెల్యులోజ్ నైట్రేట్. అది అంటుకుంటే బయటి గాలి అక్కర్లేదు, మంటకు కావలసిన ఆక్సిజన్ దానిలోంచే వస్తుంది, అందుకే నీళ్ళలో ముంచినా ఆరదు. 1937 జులైలో మా న్యూజెర్సీలోనే, లిటిల్ ఫెర్రీ అనే ఊళ్ళో, ఫాక్స్ కంపెనీ సినిమా రీళ్ళ గోదాము ఎండ తీవ్రతకు తనంతట తానే అంటుకుని ఎన్నో మూకీ సినిమాలు బూడిదయ్యాయి. మీ దగ్గరున్న పది పన్నెండు షీట్లు గోదామంత ప్రమాదం కాదు, టెన్షన్ పడాల్సిన పని లేదు, కానీ ఎండాకాలం గరాజ్‌లో మూత బిగించిన డబ్బాలో వాటిని ఉంచడం మాత్రం వద్దు. ఇంట్లో చల్లగా, పొడిగా, కొంచెం గాలి తగిలే చోట, మిగతా ఫొటోలకు దూరంగా పెట్టండి.

ఏది నైట్రేటో ఎలా తెలుస్తుందంటే, ఫిల్ము అంచున సేఫ్టీ అని ఇంగ్లిష్‌లో ముద్రించి ఉంటే అది అసిటేట్ అనే ఇంకో రకం ఫిల్ము, దానికి నిప్పు భయం లేదు. కొన్నిటి మీద నైట్రేట్ అనే ముద్రించి ఉంటుంది. ఏమీ లేకపోతే చూపు, వాసన సాయపడతాయి. పసుపు, గోధుమ రంగులోకి తిరిగి, వేలికి జిగటగా తగిలి, ముక్కు మండించే ఘాటు వాసన వస్తే నైట్రేట్ పాడవుతోందని అర్థం. వెనిగర్ వాసన వచ్చి, ఫిల్ము ముడతలు పడి, పైపొర కాలువలు తీసినట్టు లేచిపోతుంటే అసిటేట్ పాడవుతోందని అర్థం. రెంటినీ కలిపి ఉంచకండి, ఆ ఆవిరి పక్కవాటిని కూడా పాడుచేస్తుంది. చిన్న ముక్క కత్తిరించి వెలిగించి చూడమని వీడియోల్లో చెబుతుంటారు, దయచేసి ఆ పని చేయకండి. బుడగలు లేచి తేనెలా కారే దశకు వచ్చినదాన్ని చెత్తబుట్టలో వేయకండి, మీ ఊరి ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ఫోన్ చేసి అడగండి. ఇంకో విషయం, రవాణా నిబంధనల ప్రకారం నైట్రేట్ ఫిల్ము ప్రమాదకర వస్తువు, మామూలు కవర్లో పెట్టి పోస్టు చేయకూడదు. గ్రేడింగ్‌కు, అంటే అసలుదో కాదో చూసి తేల్చే కంపెనీకి, పంపుదామనుకుంటే ఆ కంపెనీని ముందే అడిగి తెలుసుకోండి.

గాజు పలకకు నిప్పు బాధ లేదు, పగలడమే బాధ. పడుకోబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు, పొడుగు అంచు మీద నిలబెట్టాలి. రెండు వైపులనూ వెలుగుకు వంచి చూడండి, ఒకటి నిగనిగలాడుతుంది, ఇంకోటి మెరుపు లేకుండా ఉంటుంది. ఆ మెరుపు లేని వైపే ఎమల్షన్, అంటే బొమ్మ ఉన్న పొర. అక్కడ వేలు పెట్టకండి, తడిగుడ్డ అసలే వద్దు, ఆ పొరలోని జెలటిన్ అనే జిగురు నీరు పీల్చుకుని గాజు మీది నుంచి ఊడి వస్తుంది. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో నిగనిగలాడే వైపు మాత్రమే తుడవండి.

ఇక ప్రింట్ల సంగతి. ఒక ఫొటో అసలుదా కాదా అన్నది తేల్చేవి రెండే విషయాలు: షట్టర్ పడిన రోజుకూ కాగితం మీద బొమ్మ పడిన రోజుకూ మధ్య ఎంత కాలం గడిచింది, ఆ రెంటి మధ్య ఇంకో నెగటివ్ ఏమైనా దూరిందా. బొమ్మ 1920 నాటిదే కావచ్చు, మీ చేతిలో ఉన్న కాగితం 1985ది కావచ్చు. పొలం పట్టా అసలు కాగితానికీ దాని జిరాక్స్‌కీ ఉన్నంత తేడా అది, రెంటి మీదా అవే అక్షరాలుంటాయి, బ్యాంకు మాత్రం ఒకదాన్నే తీసుకుంటుంది. ఇప్పుడు మార్కెట్లో అందరూ వాడే నాలుగు టైపుల లెక్క కూడా దీని మీదే కట్టింది. మార్షల్ ఫోగెల్, హెన్రీ యీ అనే ఇద్దరు అనుభవజ్ఞులు 2005 ప్రాంతంలో దీన్ని ఒక పద్ధతిలో పెట్టారు, పీఎస్ఏ అనే గ్రేడింగ్ కంపెనీ అదే పాటిస్తుంది. అసలు నెగటివ్ నుంచి, ఫొటో తీసిన దాదాపు రెండేళ్ళలోపు వేసిన ప్రింటు టైప్ 1. అదే నెగటివ్ నుంచి తర్వాతెప్పుడో వేసింది టైప్ 2. కాపీ నెగటివ్ (ప్రింటును మళ్ళీ ఫొటో తీసిన నెగటివ్) నుంచో టెలిఫోన్ వైరు ద్వారానో వచ్చి, ఆ రెండేళ్ళలోపే ప్రింటయితే టైప్ 3. అలాంటిదే ఆలస్యంగా వేస్తే టైప్ 4. రెండేళ్ళు అన్నది కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ ఒప్పుకున్న గీత మాత్రమే, మూడో ఏట వేసిన ప్రింటు ఒక్కసారిగా పనికిరానిదైపోదు. కానీ ధరలు మాత్రం ఆ గీత దగ్గరే నిలువునా పడతాయి.

వైరు ఫొటో గురించి ఒక మాట, ఎందుకంటే మీ పెట్టెలో ఇవి తప్పకుండా ఉంటాయి. అసోసియేటెడ్ ప్రెస్ 1935 జనవరి 1న వైర్‌ఫొటో సేవ మొదలుపెట్టింది, ఒక ఊళ్ళో తీసిన బొమ్మ టెలిఫోన్ తీగల మీద నిమిషాల్లో దేశమంతా పత్రికలకు చేరేది. అలా అందుకున్న ప్రింటును భూతద్దంతో చూస్తే అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తాయి, క్యాప్షన్ వెనక అంటించి ఉండదు, బొమ్మలోనే ఒక అంచున కలిసిపోయి ఉంటుంది. అవి ఆ కాలానివే, చరిత్ర ఉన్నవే, నకిలీలు కావు. స్టేడియంలోని నెగటివ్‌కు మాత్రం ఒక మెట్టు దూరం, అంతే.

ఇప్పుడు ప్రింటును వెనక్కి తిప్పండి. కొత్తవాళ్ళందరూ ముందువైపు చూసి ఆటగాడి పేరు అడుగుతారు, అనుభవం ఉన్నవాళ్ళు ముందు వెనకవైపే చూస్తారు. నా దగ్గర 1930ల నాటి ఆక్మే అనే వార్తా ఫొటోల ఏజెన్సీ ప్రింటు ఒకటి ఉంది, ఎవరూ గుర్తుపెట్టుకోని ఒక పిచ్చర్‌ది, అంటే బంతి విసిరేవాడిది. దాని వెనక ఊదారంగు సిరాతో ఏజెన్సీ ముద్ర, కింద పలచటి కాగితం మీద టైపు కొట్టిన క్యాప్షన్ చీటీ, జిగురు ఎండి చీటీ ఒక మూల లేచి ఉంటుంది. పక్కనే పత్రిక లైబ్రరీ వాళ్ళు వేసిన తేదీ ముద్ర, దాని మీద ఏ పేజీలో ఎన్ని కాలమ్‌ల వెడల్పున వేయాలో పెన్సిల్ రాత, ఆ ఫొటో అచ్చయిన పత్రిక ముక్క కూడా కత్తిరించి అంటించారు. ముందుకు తిప్పితే పిచ్చర్ చేయి చుట్టూ తెల్ల రంగు సన్నగా పూసి ఉంటుంది, వెనక జనంలో చేయి కలిసిపోకుండా ఆర్టిస్టు వేసింది. అంచుల్లో నూనె పెన్సిల్‌తో గీసిన క్రాపు గీతలు, బొమ్మను ఎంతవరకు కత్తిరించాలో చూపేవి. చాలామంది వీటిని మచ్చలనుకుని తుడిచేస్తారు, చీటీ చిరిగి ఉందని పీకేస్తారు. ఆ కాగితం ఒక పత్రికాఫీసులో ఏ రోజు ఎవరి చేతుల మీదుగా నడిచిందో చెప్పే సాక్ష్యం అదే. మీ పెట్టెలో ఒక్క చీటీ కూడా పీకకండి.

వెనక ముద్రల నుంచి కాలం పట్టడానికి కొన్ని గట్టి ఆనవాళ్ళున్నాయి. ఆక్మే న్యూస్‌పిక్చర్స్ 1952లో యునైటెడ్ ప్రెస్‌లో కలిసిపోయింది, కాబట్టి ఆక్మే ముద్ర ఉన్న ప్రింటు సాధారణంగా అంతకుముందుదే. ముద్రలో చిరునామా ఉంటే ఇంకా మంచిది. అమెరికాలో పెద్ద ఊళ్ళకు రెండంకెల వరకూ ఉండే పోస్టల్ జోన్ నంబర్లు 1943లో వచ్చాయి, ఐదంకెల జిప్ కోడ్ 1963లో వచ్చింది. న్యూయార్క్ పక్కన 17 అని ఉంటే ఆ ముద్ర ఆ ఇరవై ఏళ్ళ మధ్యదన్నమాట. జిప్ కోడ్ ఉన్న ముద్రతో 1927 నాటి రూత్ ఫొటో వస్తే, బొమ్మ పాతదే, ప్రింటు మాత్రం 1963 తర్వాతిదని, లేదా ఆ ముద్ర తర్వాత ఎప్పుడో వేసినదని అనుమానించాలి. తేదీ ముద్ర కూడా గుడ్డిగా నమ్మకూడదు, పాత ఫొటోను మళ్ళీ వాడిన ప్రతిసారీ పత్రికవాళ్ళు కొత్త తేదీ వేసేవాళ్ళు. ఒకే ప్రింటు మీద నాలుగైదు తేదీలుంటే అందులో అన్నిటికంటే పాతదాన్ని పట్టుకోండి.

కాగితం పరీక్షకు ఒక చిన్న యూవీ టార్చ్, 10 నుంచి 30 రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు, రెండూ కలిపి ఒక భోజనం ఖర్చు. 1950ల నుంచి ఫొటో కాగితం తెల్లగా కనిపించాలని కంపెనీలు ఒక రసాయనం కలపడం మొదలుపెట్టాయి, అది చీకట్లో యూవీ వెలుగు కింద నీలంగా మెరుస్తుంది. 1920ల ప్రింటు అని చెప్పి అమ్మేది అలా వెలిగిపోతే ఇంక మాట్లాడేది ఏమీ లేదు. కానీ వెలగలేదు కాబట్టి పాతదే అని కూడా అనుకోకండి, తర్వాత వచ్చిన కాగితాల్లో కూడా వెలగనివి ఉన్నాయి. భూతద్దం కింద వరసగా చుక్కలు కనిపిస్తే అది పుస్తకంలోంచో పత్రికలోంచో అచ్చయిన బొమ్మ, రంగురంగుల సన్న చుక్కలు కనిపిస్తే ఇంక్‌జెట్. నిజమైన డార్క్ రూమ్ ప్రింటులో చుక్కలుండవు, మెత్తగా బూడిద రంగులో కలిసిపోతుంది. వెనకవైపు ప్లాస్టిక్‌లా నున్నగా తగిలితే 1960ల చివర నుంచి వచ్చిన రెసిన్ పూత కాగితం. వీటన్నిటికంటే నాకు ఎక్కువ నమ్మకం ఇంకోటి ఉంది. ప్రింటును కిటికీ పక్కన పట్టుకుని మెల్లగా వంచండి, అంచుల్లో, నల్లటి భాగాల్లో నీలి వెండి మెరుపు కనిపిస్తుందేమో చూడండి. ఫొటోలోని వెండి ఏళ్ళ తరబడి పైకి తేలి అలా అద్దంలా అవుతుంది. నకిలీ ముద్ర చేయడం తేలికే, ఆ మెరుపును నమ్మేలా తెప్పించడం చాలా కష్టం.

ఇక మీ రూత్ ఫొటో. మీరు పెట్టిన వివరం ప్రకారం అతను చారల జెర్సీలో, వీపు మీద 3 అంకెతో ఉన్నాడు. యాంకీస్ వీపు మీద అంకెలు శాశ్వతంగా వేయడం 1929లో మొదలుపెట్టారు, బ్యాటింగ్ వరసను బట్టి రూత్‌కు 3, జట్టులో తోటివాడు లూ గెరిగ్‌కు 4 వచ్చాయి. కాబట్టి మీ బొమ్మ 1929కి ముందుది కాదు. రూత్ యాంకీస్‌కు చివరగా ఆడింది 1934లో. మధ్యలో ఆరు సీజన్లే, వెతకడం సులువైపోయింది. ఇదే సందర్భంలో ఇంకో ఆనవాలు చెబుతాను, చాలా ఉపయోగపడుతుంది. యాంకీస్ సొంత మైదానంలో వేసుకునే చారల జెర్సీ ఛాతీ మీద ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ అల్లుకున్న ఎన్, వై అక్షరాలు 1917 నుంచి 1935 వరకూ లేవు. టోపీ మీద ఉండేవి, ఛాతీ మీద లేవు. అంటే రూత్ ఆడే రోజుల్లో ఆ జెర్సీ మీద అవి లేనే లేవు. ఛాతీ మీద ఆ అక్షరాలతో రూత్ కనిపిస్తే అది అతను రిటైరయ్యాక ఏదో ఉత్సవానికి వచ్చినప్పటిది. అలాగే ఏ జట్టు ఆటగాడికైనా చేతి మీద బేస్‌బాల్ శతాబ్ది బిళ్ళ కుట్టి ఉంటే అది 1939 సీజన్. క్రికెట్ చూసి పెరిగిన మనకు ఈ జెర్సీల చరిత్ర మొదట్లో కొత్తగా ఉంటుంది, కానీ రెండు మూడు జట్లవి బుర్రకెక్కితే ఫొటో చూడగానే సంవత్సరం చెప్పగలుగుతారు.

నెగటివ్‌ల దగ్గరికి వస్తాను, నాకు అసలు ప్రాణం ఇక్కడే. ప్రింట్లు ఎన్నైనా వేయొచ్చు, ఆ మధ్యాహ్నం మైదానంలో, ఆ కెమెరాలో, ఆ ఆటగాడి మీద పడిన వెలుగును నేరుగా అందుకున్న వస్తువు నెగటివ్ ఒక్కటే. అందుకే మోసం కూడా ఇక్కడే ఎక్కువ. మార్కెట్లో నెగటివ్ పేరుతో అమ్మేవాటిలో చాలా భాగం కాపీ నెగటివ్‌లు, అంటే ఎవరో తర్వాత ఒక ప్రింటును గోడకు పెట్టి ఫొటో తీసినవి. వాటిని పట్టుకోవడానికి వెలుగు పెట్టె (లైట్ బాక్స్) మీద పెట్టి అంచులు చూడండి. ప్రింటు అంచు గీత, మూలల్లో గుండుసూదుల నీడ, కాగితం మడత కనిపిస్తే కాపీ. ఆర్టిస్టు పూసిన రంగు నెగటివ్‌లోనే బొమ్మలో భాగంగా కనిపిస్తే కూడా కాపీ. 1915 నాటి ఆటగాడు 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద ఉన్నాడంటే ఆలోచించాల్సిన పనే లేదు, అప్పటి బేస్‌బాల్ ఫొటోగ్రాఫర్లు గాజు పలకలు పెట్టిన పెద్ద కెమెరాలు మోసేవాళ్ళు. సేఫ్టీ ముద్ర ఉన్న ఫిల్ము మీద 1910 నాటి ఆట ఉన్నా అదే తీర్పు.

అసలు పలక ఎలా ఉంటుందో చూసి కన్ను అలవాటు చేసుకోవాలంటే బెయిన్ న్యూస్ సర్వీస్ సేకరణ చూడండి. జార్జ్ గ్రాంథమ్ బెయిన్ న్యూయార్క్‌లో నడిపిన ఈ సంస్థ గాజు పలకలు దాదాపు 40,000 లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర ఉన్నాయి, 1948లో కొన్నారు. వాటి స్కాన్లు ఉచితంగా, పెద్ద సైజులో చూడొచ్చు. కింద మూలన చేతిరాతతో తెల్లటి అక్షరాల్లో ఆటగాడి పేరు, జట్టు ఉంటాయి. పలక మీద సిరాతో రాస్తే అక్కడ వెలుగు ఆగిపోతుంది, అందుకే ప్రింటులో తెల్లగా పడుతుంది. పలక మూల విరిగిన చోట, ఎమల్షన్ ఊడిన చోట, వేలిముద్ర పడిన చోట ఏమవుతుందో అన్నీ కనిపిస్తాయి. నెల రోజులు రోజుకు కాసేపు అవి చూస్తే ఏ పుస్తకమూ నేర్పనంత నేర్చుకుంటారు.

చార్ల్స్ కాన్లన్ పేరు మీరు తప్పకుండా వింటారు. ఆయన వృత్తి ఫొటోగ్రఫీ కాదు, న్యూయార్క్‌లో ఒక పత్రికలో ప్రూఫ్ రీడరు. 1904లో సరదాగా మైదానాలకు కెమెరా తీసుకెళ్ళడం మొదలుపెట్టి మూడు దశాబ్దాలకు పైగా తీశాడు. టై కాబ్ అనే పేరుమోసిన ఆటగాడు మూడో బేస్ మీదికి దుమ్ము రేపుతూ జారుతున్న ఫొటో, పళ్ళు బిగించి, ఎదురుగా ఆ బేస్ కాస్తున్న జిమ్మీ ఆస్టిన్ గాల్లోకి లేచి, అది ఆయనదే, న్యూయార్క్ హిల్‌టాప్ పార్క్‌లో తీసింది. ఆయన చెప్పినదాని ప్రకారం ఆ క్షణంలో షట్టర్ నొక్కాడో లేదో ఆయనకే తెలియదు, ఆస్టిన్‌కు దెబ్బ తగిలిందేమోనన్న కంగారులో ఉన్నాడు, ఎందుకైనా మంచిదని ప్లేటు మార్చాడు. తర్వాత కడిగి చూస్తే బొమ్మ ఉంది. నన్నడిగితే కాన్లన్ గొప్పతనం ఆ ఒక్క ఫొటోలో లేదు, దగ్గర నుంచి తీసిన ముఖాల్లో ఉంది, పిచ్చర్లు బంతిని పట్టుకునే వేళ్ళను మాత్రమే తీసిన పలకల్లో ఉంది. ఆ నెగటివ్‌లు ఏడు వేలకు పైగా ఒకే గుత్తిగా 2016లో వేలానికి వచ్చి దాదాపు 18 లక్షల డాలర్లు పలికాయి. విడివిడిగా అమ్మకుండా ఒక్కచోటే ఉంచినందుకు నేను సంతోషించాను, ఎందుకంటే ఒక ఫొటోగ్రాఫర్ జీవితకాలపు పని నాలుగు వందల ఇళ్ళకు చెదిరిపోతే మళ్ళీ ఒక్కచోట చేరదు. ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక. మీ పెట్టెలో కాన్లన్ పేరుతో నలుపు తెలుపు కార్డులుంటే అవి 1990లలో లక్షల్లో అచ్చయిన సెట్లు, చూడ్డానికి బాగుంటాయి, ధర ఏమీ ఉండదు.

టైప్ 1, టైప్ 2 తేడా చక్కగా అర్థమయ్యే ఉదాహరణ షికాగోలోని జార్జ్ బర్క్. 1929 ప్రాంతం నుంచి అక్కడి జట్లు కబ్స్, వైట్ సాక్స్ మైదానాల్లో ఆటగాళ్ళను ఎదురుగా నిలబెట్టి తీసిన ఫొటోలు ఆయనవి, వెనక 847 బెల్మాంట్ అవెన్యూ చిరునామాతో ముద్ర ఉంటుంది. ఆయన సహాయకుడు జార్జ్ బ్రేస్ ఆ నెగటివ్‌లన్నీ కాపాడి, బర్క్ 1951లో పోయాక దశాబ్దాల పాటు వాటి నుంచే ప్రింట్లు వేసి అమ్మాడు. అదే నెగటివ్, అదే ముఖం, ఒకటి బర్క్ ముద్రతో 1933లో వేసింది, ఇంకోటి బ్రేస్ ముద్రతో ఎంతో కాలం తర్వాత వేసింది. మొదటిదానికి కొన్నిసార్లు పది రెట్లు ఇస్తారు. బ్రేస్ ప్రింట్లు చాలా శుభ్రంగా ఉంటాయి, గోడకు పెట్టుకోవడానికి నేను అవే కొనమంటాను, టైప్ 1 ధర మాత్రం పెట్టకండి.

ధరల గురించి అడిగారు. పేపర్లో వచ్చే అంకెలు చూసి లెక్క వేసుకోవద్దు. 2021లో షూలెస్ జో జాక్సన్ అనే పాతకాలపు ఆటగాడు సంతకం చేసిన 1911 నాటి ఫొటో క్రిస్టీస్ వేలంలో 14.7 లక్షల డాలర్లు పలికింది, కానీ దానికి కారణం సంతకం. జాక్సన్‌కు చదువు రాదు, అతని సంతకాలే చాలా అరుదు. నాట్ ఫైన్ తీసిన రూత్ వీడ్కోలు ఫొటో ఇంకో ఉదాహరణ. 1948 జూన్ 13న యాంకీ స్టేడియంలో, జబ్బుతో చిక్కిపోయిన రూత్ బ్యాటు మీద ఆనుకుని నిలబడి ఉంటే అందరూ ముందు నుంచి తీశారు, ఫైన్ వెనక్కి వెళ్ళి వీపు మీది 3 అంకెతో తీశాడు. మరుసటి ఏడు పులిట్జర్ వచ్చింది, రూత్ మాత్రం 1948 ఆగస్టులోనే పోయాడు. ఆ ఫొటో ప్రింట్లు అంతటా కనిపిస్తాయి, ఫైన్ చాలా ఏళ్ళ తర్వాత సంతకం పెట్టి ఇచ్చినవీ ఉన్నాయి, అవి చవకే. 1948లోనే వేసిన ప్రింటు దొరకడం మాత్రం చాలా కష్టం. మీ పెట్టెలో సాధారణ ఆటగాళ్ళవి, వెనక ముద్రలు నిండుగా ఉన్నవి కొన్ని పదుల డాలర్లు చేస్తాయి. రూత్‌ది ముద్ర, చీటీ ఉండి టైప్ 1 అని తేలితే వందల నుంచి వేల దాకా వెళ్ళొచ్చు, అది బొమ్మ ఎంత బాగుంది, ఎంత పదునుగా ఉంది, అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయి అన్నదాని మీద. అన్నిటినీ గ్రేడింగ్‌కు పంపి డబ్బు తగలేయకండి, రూత్ ఒక్కదాన్ని పంపండి చాలు.

కొనేటప్పుడు దొంగసొత్తు సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి, దీని గురించి ఈ రంగంలో తక్కువ మాట్లాడతారు, అది నాకు బాధ. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీకి 1921లో చేరిన, స్పాల్డింగ్ అనే పాత ఆటగాడి బేస్‌బాల్ సేకరణ నుంచి, బాస్టన్ పబ్లిక్ లైబ్రరీకి 1923లో మైఖేల్ మెక్‌గ్రీవీ అనే అభిమాని ఇచ్చిన ఫొటోల నుంచి 1970లు, 80ల ప్రాంతంలో చాలా దొంగతనానికి గురయ్యాయి. కొన్ని తిరిగి వచ్చాయి, కొన్ని ఇంకా రాలేదు. 19వ శతాబ్దం నాటి అట్ట మీద అంటించిన జట్టు ఫొటో మీ ముందుకొస్తే, వెనక ముద్ర గీకేసిన గుర్తు, తడితో చెరిపిన మరక, నంబరు కత్తిరించిన మూల ఉందేమో చూడండి. ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ఇంకో రకం గొడవ కూడా జరిగింది. ఆర్కాన్సాకు చెందిన ఒక వ్యాపారి, స్కాన్ చేసి ఇస్తానని దేశంలోని ఎన్నో పత్రికల పాత ఫొటోలు తీసుకున్నాడు, చివరికి మోసం కేసులో 2017లో 12 ఏళ్ళ జైలు శిక్ష పడింది. ఆ గుత్తులు ఎక్కడెక్కడికో చెదిరిపోయాయి. అందుకే అమ్మేవాడిని ఇది మీకెక్కడిది అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు, రసీదు తప్పకుండా తీసుకోండి. మీ ఎస్టేట్ సేల్ రసీదు కూడా పెట్టెతో పాటే దాచండి.

నెగటివ్ మీ చేతిలో ఉన్నంత మాత్రాన దాని మీద కాపీరైట్ మీకు రాదు. వస్తువు మీది, హక్కు వేరే. అమెరికాలో 95 ఏళ్ళు దాటిన ప్రచురిత ఫొటోలకు బాధ లేదు, తర్వాతివాటి నుంచి ప్రింట్లు వేసి అమ్మాలనుకుంటే లాయరును అడగండి. ఇంట్లో స్కాన్ చేసుకుని చూసుకోవడానికి ఎవరూ ఏమీ అనరు, నిజానికి వెంటనే చేయాల్సిన పని అదే. నైట్రేట్, అసిటేట్ రెండూ ఎప్పటికైనా కరిగిపోయేవే, స్కాన్ ఒక్కటే మిగులుతుంది. వెలుగు పెట్టె, మాక్రో లెన్స్ ఉన్న మంచి కెమెరా ఉంటే చాలు, పై నుంచి నిటారుగా తీసి కంప్యూటర్‌లో రంగు తిరగేయండి. అంచులు కత్తిరించకుండా మొత్తం తీయండి, కవరు మీది రాతను కూడా విడిగా ఫొటో తీయండి.

దాచడానికి, ప్రింట్లను పీవీసీ వాసన వచ్చే మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో పెట్టకండి, పాలిస్టర్ కవర్లు కొనండి. నెగటివ్‌లకు ఆమ్లం లేని కాగితం కవర్లు, గాజు పలకకు నాలుగు రెక్కలు మడిచే కవరు మంచిది. అటక, బేస్‌మెంట్ రెండూ వద్దు, పడకగది అల్మారా నయం. తేమ 30 నుంచి 40 శాతం మధ్య ఉంటే బాగుంటుంది, పది డాలర్ల మీటరు పెట్టుకోండి. పాత కవర్లను మాత్రం పారేయొద్దు, వాటి మీద ఫొటోగ్రాఫర్ చేత్తో రాసిన పేర్లుంటాయి, పక్కనే విడిగా ఉంచండి.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలి. రూత్, గెరిగ్, మాంటిల్ లాంటి పెద్ద పేర్ల వెంట పడితే డబ్బున్నవాళ్ళతో పోటీ, పైగా నకిలీలన్నీ అక్కడే. ఒక చిన్న మూల ఎంచుకోండి. మీరు ఒహాయోలో ఉన్నారు కాబట్టి క్లీవ్‌లాండ్ జట్టును పట్టుకోవచ్చు, లూయి వాన్ ఓయెన్ అనే అక్కడి ఫొటోగ్రాఫర్ ముద్ర కోసం వెతకండి. 19వ శతాబ్దం ఇష్టమైతే 1886 నుంచి 1890 వరకూ ఓల్డ్ జడ్జ్ సిగరెట్ పెట్టెల్లో వచ్చిన చిన్న కార్డులు చూడండి, అవి అచ్చు బొమ్మలు కావు, అట్ట మీద అంటించిన నిజమైన ఫొటోలు. స్టూడియోలో తీసినవి కాబట్టి బంతిని దారంతో పైనుంచి వేలాడదీసి, ఆటగాడిని క్యాచ్ పట్టుకుంటున్నట్టు నిలబెట్టారు. భూతద్దం పెడితే కొన్నిటిలో ఆ దారం స్పష్టంగా కనిపిస్తుంది. మంచి స్థితిలో ఉన్న పెద్ద పేర్లు ఖరీదే, కానీ అరిగిపోయిన సామాన్య ఆటగాళ్ళవి మనబోటివాళ్ళు కొనగలిగినవే.

నన్ను ఎంచుకోమంటే మాత్రం నీగ్రో లీగ్స్, అంటే నల్లజాతి ఆటగాళ్ళ విడి లీగుల, ఫొటోలు అంటాను. 1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టుకు ఆడేదాకా 20వ శతాబ్దంలో నల్లజాతి ఆటగాళ్ళకు పెద్ద లీగుల్లో చోటు లేదు, జాష్ గిబ్సన్ లాంటి మహా బ్యాటర్ చివరిదాకా బయటే ఉండిపోయాడు. పెద్ద ఏజెన్సీలు వాళ్ళ ఆటకు కెమెరా పంపడమే అరుదు. ఉన్నవి ఎక్కువగా నల్లజాతి పత్రికల ఫొటోగ్రాఫర్లు తీసినవి. పిట్స్‌బర్గ్ కొరియర్‌కు పనిచేసిన చార్ల్స్ టీనీ హారిస్ నెగటివ్‌లు దాదాపు 80,000 కార్నెగీ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ 2001లో కొని, అందులో ఉన్న మనుషులెవరో ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగి మరీ గుర్తుపట్టించింది. మీ ఊరి నుంచి కారులో వెళ్ళి వచ్చేంత దూరమే, ఒకసారి చూసి రండి. ఒహాయో, పెన్సిల్వేనియా ఎస్టేట్ సేల్స్‌లో ఆ జట్ల ఫొటోలు ఇప్పటికీ పేరు లేకుండా, మిగతా కుటుంబ ఫొటోల మధ్య కలిసిపోయి దొరుకుతుంటాయి, ఎందుకంటే అమ్మేవాళ్ళకు అవి ఎవరివో తెలియదు. మీ నలభై ప్రింట్లలో పెద్ద లీగుల జెర్సీలు కానివి, మీరు గుర్తుపట్టలేని జట్టు పేరున్నవి ఏమైనా ఉంటే వాటిని పక్కన తీయండి, ముందూ వెనకా రెండూ పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి, గాజు పలకది కూడా వెలుగుకు ఎదురుగా పట్టి తీసి పెట్టండి. రూత్ కంటే ముందు నేను చూడాలనుకునేవి అవే.